సరి ఏడు ఎవరిది?

రెనాటా ప్రూయిట్ అమెరికాలోని టొలీడోలో ఒక వృద్ధాశ్రమంలో గదులు శుభ్రం చేస్తుంది. ఇళ్ల పైకప్పులు వేసే కర్టిస్‌తో పదేళ్లుగా కలిసి ఉంటోంది. పెళ్లి మాట ఇద్దరూ ఎత్తరు. కూతురు జూనీకి ఆరేళ్లు. పెళ్లి కానివాళ్లు పన్ను రిటర్ను ఎవరిది వాళ్లే వేసుకోవాలి. బిడ్డను మాత్రం ఒక్కరే తమ రిటర్నులో చూపించుకోవాలి. రిఫండు పెద్దగా వచ్చేది వాళ్లకే.

ఇన్నేళ్లూ రెనాటాయే చూపించుకుంది. 2023 వేసవిలో కర్టిస్ అలిగాడు. "పిల్ల నాకేమీ కాదా?" అన్నాడు. సరి ఏడు ఆమెకు, బేసి ఏడు అతనికి అని పంచుకున్నారు.

2024 మార్చిలో రెనాటా లైబ్రరీకి వెళ్లింది. అక్కడ రిటైరైన టీచరు స్ట్రౌడ్ ఉచితంగా రిటర్నులు వేసిపెడుతుంది. కాలేజీలో నర్సుకు సాయపడే పని నేర్పే కోర్సులో రెనాటాకు సీటొచ్చింది. ఏప్రిల్ ఐదులోగా పద్నాలుగు వందల డాలర్లు కట్టాలి. రిఫండు మీదే ఆశ.

స్ట్రౌడ్ పంపిన రిటర్ను తిరిగొచ్చింది. జూనీ అప్పటికే వేరొకరి లెక్కలో ఉంది.

రెనాటా అక్కణ్నుంచే కర్టిస్‌కు ఫోను చేసి, స్ట్రౌడ్ పక్కనే ఉందని చెప్పి, ఆమెకూ వినిపించేలా పెట్టింది.

"జూనీని నువ్వు వేసుకున్నావా?"

"జనవరిలోనే. బేసి ఏడు నాదేగా?"

"ఇది ఇరవై నాలుగు! రేకులు లెక్కపెట్టే మనిషివి, సరీ బేసీ తెలీదా?"

"వేసేది ఇరవై మూడు పన్నే మొద్దూ. ఆ పెద్దావిణ్ని అడుగు."

స్ట్రౌడ్ కళ్లజోడు తీసింది. "అతనన్నదీ నిజమే, నువ్వనుకున్నదీ తప్పు కాదమ్మా. సంపాదించిన ఏడా, రిటర్ను వేసే ఏడా అన్నది మీరిద్దరూ చెప్పుకోలేదు."

"నేను పోట్లాడితే?"

"బిడ్డ ఇద్దరి దగ్గరా ఏడాదంతా ఉంది. అలాంటప్పుడు సంపాదన ఎక్కువున్నవాళ్లకే ఇస్తారు."

కర్టిస్ సంపాదన పదకొండు వేలు ఎక్కువ.

"అతనే దిద్దుకుంటే నీకొస్తుంది. కానీ తీసుకున్న డబ్బు అతను తిరిగి కట్టాలి."

"విన్నావా కర్టిస్?"

పైకప్పు మీద సుత్తి చప్పుళ్ల మధ్య కర్టిస్ గొంతు పెంచాడు. "విన్నా రెనీ. అదంతా ట్రక్కు ఇంజనుకు పెట్టేశా. ట్రక్కు లేకపోతే నాకు పని లేదు. తిట్టు, పడతా."

"తిడితే నీ ఇంజను డబ్బవుతుందా? నిచ్చెన చూసుకుని దిగు."

స్ట్రౌడ్ బిడ్డ పేరు తీసేసి మళ్లీ లెక్క కట్టింది. రెండు వందల పది డాలర్లు. రెనాటా సంతకం చేసింది.

బయటికొచ్చి కాలేజీకి ఫోను చేసింది. గడువు పొడిగించడం కుదరదనీ, తర్వాతి తరగతి సెప్టెంబరులోననీ గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

"పేరు ఉంచమంటారా మేడమ్?"

"అప్పటికి డబ్బు ఎక్కణ్నుంచొస్తుంది బాబూ?" అంది రెనాటా. "తీసేయండి" అని ఆమే చెప్పింది.