ఖాళీ పడవ బొమ్మ

పిల్లల పుస్తకాల్లో మనుషుల్ని చివర్లో గీయడం నా అలవాటు. ఈ రోజు యారాడ ఒడ్డున కూర్చుని సముద్రం, అందులో ఒక పడవ గీశాను. పక్కనే గంపతో నిలబడి సముద్రంకేసి చూస్తున్న ఒకామె నా కాగితంలోకి వంగి చూసి బెదిరిపోయింది.

“ఖాళీ పడవ గీసీసినావేటమ్మా? మా ఆయన సంద్రంలోకెల్లి ఇంకా రానేదు. బేగి మనిసిని గియ్యి!”

చేతికందిన మామూలు పెన్నుతో గబగబా ఒక మనిషిని గీశాను.

“ఇద్దరెల్లారమ్మా. మా మరిది కూడా.”

అదే పెన్నుతో రెండోవాణ్ణీ గీసి, ఆఖరి బస్సుకి ఇంటికి వచ్చేశాను. వాళ్లు ఒడ్డుకు చేరారో లేదో ఎవరిని అడగను? ఆమె పేరైనా తెలుసుకోలేదు.

సముద్రానికి నీలం రంగు వేయాలి. తడి తగిలితే ఆ పెన్ను గీతలు కరిగిపోతాయి. బ్రష్ పట్టుకుని గంట నుంచీ కూర్చున్నాను. నవ్వకండి. మీరైతే వేస్తారా?