బకీటులో ముంచిన కేబుల్

ఉప్పల్ నుంచి నాచారం దాకా నాలాంటి బేరగాడు లేడు. బొగ్గు బావిలో మందు పేల్చడానికి వాడే కేబుల్‌ను సగం ధరకు కొట్టేసిన ఘనుణ్ని నేను. పైతొడుగు పలచగా ఉందని చూశాను. దాన్నే వంకగా చూపి ఇంకొంత తగ్గించాను. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాళ్లం. సరుకులో లోపం కనబడితే మాకు భయం వేయదు, ఆకలి వేస్తుంది.

ఒక కేబుల్ చుట్ట మా అక్క మొగుడు మందు తూటాలు పేల్చే బావికి అమ్మాను. ఇంకొకటి వేరే బావి కాంట్రాక్టరుకు.

నెల తిరక్కుండా బావ ఉప్పల్‌లో బస్సు దిగి, ఆ చుట్టను భుజాన వేసుకుని నాచారంలోని నా దుకాణానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బకీట్ల నీళ్లు తే."

"ముందుగాల చాయ్ తాగు బావా."

"నీళ్లు తెమ్మన్న."

చుట్టను నీళ్లలో ముంచి, కొసలు రెండూ నీళ్లకు తగలకుండా పైకి పట్టి, మీటర్ తీగ ఒకటి కొసకు, ఇంకొకటి నీళ్లకు తగిలించాడు. తొడుగు మంచిదైతే ముల్లు కదలకూడదు. కదిలింది.

"సూసినవా? బాయిల తడి ఉంటది. కరెంటు తూటాల దాక పోకుండ నడుమనే నీళ్లలకు కారిపోతది. కొన్ని పేలినయ్, కొన్ని పేలలే. ఎప్పుడు పేల్తయో తెల్వని తూటాలను బొగ్గుల దేవులాడింది నేను, నువ్వు గాదు."

అప్పుడైనా నోరు మూసుకోవద్దా? "సగం పైసలు వాపస్ ఇస్త, సరేనా?" అన్నాను.

"సగం పేలినయని సగం ధరా? థూ! నా పెండ్లాం తమ్మునివి గాబట్టి బతికినవ్. ఇసొంటి చుట్ట ఇంకెవనికన్న అమ్మినవా? వాడు బాయిల పెట్టకముందే ఆపు."

కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. నా గొంతులో తొందరను అతను పసిగట్టాడు. అతనూ మా బేరగాళ్ల జాతే.

"వాపస్ గావాల్నంటే రెండింతలియ్యాలె అన్నా. కొత్తది వచ్చేదాంక నా పని బంద్ గదా."

"తొడుగుల కెల్లి కరెంటు కారుతది, మనుషులు సస్తరు!"

"గా ముచ్చట అమ్మేటప్పుడు జెప్పకపోతివి."

బావ నా మొహం వైపే చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బేరమాడకుండా సరే అన్నాను.

"ఆ చుట్టను ముక్కలు నరికి ఫొటో పెట్టమను," అన్నాడు బావ. ఫొటో వచ్చాకే కదిలాడు. చాయ్ ముట్టలేదు.

ఇక లెక్క. మిగుల్చుకున్నదంతా పోయింది, దాని మీద అంతకంత పోయింది. నాకు అమ్మినవాడు, లోపం చూసే కొన్నావు కదా అన్నాడు, పైసా ఇవ్వలేదు. అక్క ఫోన్ ఎత్తడం లేదు. చల్లారిన చాయ్ నా ఖాతాలోనే. పోయిన ప్రాణాలు సున్నా. ఆ సున్నా వేసింది బావ.