దీపం కొండెక్కేదాకా

మా పక్కింటి పెద్దమ్మ మొన్న శనివారం పొద్దున పోయింది. వరదలో కాదు, వయసు మీద పడి, తన మంచం మీదనే. ఆ మాట ముందే చెప్పాలి. ఆమె నీళ్లలోనే పోతుందని నేను భయపడని వానాకాలం లేదు.

మా ఊరు గద్వాల దగ్గర, కృష్ణ ఒడ్డున. పైన డ్యాం గేట్లు ఎత్తితే ముందు మునిగేది మా వీధే. అందుకే మా మహిళా సంఘం, ఆశా కార్యకర్త, ఆటోవాళ్లు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒంటరి ముసలివాళ్లకు తలా ఒక తోడు, ఒక ఆటో. తలుపు వెనక సంచిలో మందులు, టార్చిలైటు, బిస్కెట్లు. పెద్దమ్మ నా వంతుకు వచ్చింది. దేవుడు నా ఓపికను చూడదలచుకున్నాడు.

ఎప్పుడు చూసినా సంచి ఖాళీ. టార్చి మేకల దొడ్లో, బిస్కెట్లు వీధికుక్క కడుపులో.

"ఏంది పెద్దమ్మా, గిట్లయితే ఎట్ల?"

"నీళ్లు ఇయ్యాల వస్తున్నయా బిడ్డా? కుక్కకు ఆకలి ఇయ్యాలనే అయితది గద."

ఒక సాయంత్రం, వరద వచ్చిందనుకొని అందరినీ మిట్ట మీది బడికి చేర్చే అభ్యాసం పెట్టాం. ఆటో హారన్ కొడుతుంటే ఆమె దేవుని గూటి ముందు కూర్చుంది.

"దీపం కొండెక్కినంక వస్త."

"అవ్వా, నీ దీపం కోసం నీళ్లు ఆగుతయా?" అన్నాడు ఆటో అతను.

"నువ్వు ఆగినవు గద!"

ఊది ఆర్పమని నేనెలా చెప్తాను? నా ఇంట్లో నేనే ఆర్పను. మిగతావాళ్లు బడికి పోయి, టీ తాగి, తిరిగి వచ్చేశారు. మేమింకా గడపలోనే.

పోయిన వానాకాలం నిజంగానే నీళ్లు వచ్చాయి, సరిగ్గా దీపాల వేళకు. గూట్లో వెలుగు చూడగానే నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ప్రమిదను చెంబులో దించి ఆమె చేతికిచ్చాను.

"పట్టుకొని నడువు!" నా జన్మలో ఎవరి మీదా అంత గట్టిగా అరవలేదు.

"గీ మాట అప్పుడే చెప్పకపోతివి బిడ్డా," అంటూ లేచింది.

ఆటో అతను తిట్టుకుంటూనే గాలి రాకుండా పరదాలు దించాడు. బడిలో కరెంటు లేదు. మా టార్చి మేకల దొడ్లోనే ఉంది. ముసలివాళ్లంతా ఆ దీపం చుట్టూ చేరి కూర్చున్నారు. తర్వాత ఆమె సంచిలో ఒత్తులు, నూనె సీసా పెట్టుకుంది. పోనీ, సంచి నిండింది.

శనివారం అంత్యక్రియలు అయ్యాక అందరూ స్నానాలకు నదికి బయలుదేరారు. ఆమె తల దగ్గర పెట్టిన దీపం ఇంట్లో ఇంకా వెలుగుతోంది. ఆటో అతను గడపలోకి వచ్చాడు.

"పోదామా అక్కా?"

"జర ఆగు తమ్ముడా."

అతను ప్రమిద వైపు చూసి, చెప్పులు విడిచి నా పక్కన కూర్చున్నాడు. అందులో నూనె ఇంకా సగం ఉంది.