హద్దురాయి దగ్గర ఆపిన సైకిలు

నాకు ఎవరి మీదా తొందరగా నమ్మకం కుదరదు. సర్వేయరుగా ముప్పై ఏళ్లు చేసినవాడికి కుదరదు కూడా. ఒక్క గట్టు కోసం అన్నదమ్ములిద్దరూ కళ్లనీళ్లు పెట్టుకుని చెరో అబద్ధం చెబుతుంటే, మధ్యలో కొలత గొలుసు పట్టుకుని నిలబడ్డవాణ్ని నేను. రిటైరయ్యాక షుగరు వచ్చింది, రోజూ నడవమన్నాడు డాక్టరు. నడిచేవాణ్ని ప్రతివాడూ ఆపి కబుర్లు పెట్టుకుంటాడు. అందుకని గేర్ల సైకిలు కొన్నాను.

ఆ సైకిలంటే మా ఆవిడకి అనుమానం. “ఈ వయసులో నిక్కరేసుకుని కొండలంట తిరగడమేటి? ఏటో ఉంది,” అంది. ఏమీ లేదు. అనకాపల్లి చుట్టూ కొండల కింద ఎంతో పాత ఊళ్లున్నాయి. ఉద్యోగంలో వాటిని జీపులోంచి చూశాను, కాగితం మీద నంబర్లుగా చూశాను. ఒక్కసారి ఊళ్లుగా చూడాలనిపించింది. ఆ మాటే చెబితే ఆవిడ నన్ను ఇంకా అదోలా చూసింది.

మొన్న చలికాలంలో రెండు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. మొదటి రోజు మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం, మర్నాడు కోటవురట్ల మీదుగా ఇంటికి. దారిపొడుగునా చెరకు లోడు ట్రాక్టర్లు, బెల్లం వండుతున్న వాసన. ఎత్తు వచ్చినప్పుడు చిన్న గేరులో ఆయాసపడుతూ తొక్కడం, పల్లం వచ్చినప్పుడు కాళ్లు ఊరికే పెట్టుకుని జారిపోవడం. ఆ పల్లాల్లో నేను పైకే నవ్వాను. ఎవరైనా చూశారేమోనని వెంటనే వెనక్కి చూసుకున్నాను.

మాకవరపాలెంలో టీ తాగుతున్నంతసేపూ ఒక చెయ్యి హ్యాండిలు మీదే ఉంచాను. కొట్టు మనిషి గేర్ల పళ్లచక్రాలు తడుముతుంటే నాకు టీ రుచి తెలియలేదు. నర్సీపట్నంలో లాడ్జి గుమస్తా ఏం పని మీద వచ్చారని అడిగాడు. ఊళ్లు చూడ్డానికన్నాను. “ఈ సుట్టుపక్కల సూడ్డానికేటుంది బాబూ?” అని, నన్ను ఎగాదిగా చూసి, పుస్తకంలో ‘సొంత పని’ అని రాసుకున్నాడు. నేను సైకిల్ని మెట్లమీదుగా మోసుకెళ్లి, గదిలో మంచంకోడుకి గొలుసేసి తాళం పెట్టి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కోటవురట్ల దాటాక పెద్ద రోడ్డు వదిలేసి ఎడమవైపు మట్టిదారి పట్టాను. కొండ కింద ఒక ఊరుందని, అక్కడ చేల పక్కన పాత అక్షరాలు చెక్కిన రాయి ఉందని ఎప్పుడో ఆఫీసులో విన్నాను. ఊరు దాటుతుండగా నా వెనక ఒక పాత మోపెడ్ బయల్దేరింది. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. నేను నీళ్లు తాగడానికి ఆగితే అదీ దూరంగా ఆగింది. దాని మీద లుంగీ కట్టి, తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి. నా సైకిలు మీద కన్నుపడిందని నిశ్చయించుకున్నాను. ఫోను నిక్కరు లోపలి జేబులోకి మార్చుకున్నాను.

రాయి కనబడింది. సగం భూమిలో ఉంది. అక్షరాలు అరిగిపోయి ఒక్కటీ అంతుపట్టలేదు. ఊరివాళ్లు దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి అమ్మవారిని చేసుకున్నారు. ఫోను తీసి రెండు ఫొటోలు తీశాను. తిరిగి సైకిలెక్కాల్సినవాణ్ని, అప్పుడు చేశాను చెయ్యకూడని పని.

పక్కనే మూడు చేలు కలిసే మూలలో గడ్డిలోంచి సర్వే రాయి తల కనిపించింది. చేతులకి పోయినా, కాళ్లకి అలవాటు పోలేదు నాకు. బూటుతో గడ్డి పక్కకి నెట్టాను. రాయి కదిలిందా లేదా అని ఒకసారి అదిమి చూశాను. వంగి, ఒక కన్ను మూసి, గట్టు వెంబడి అవతలి రాయి వైపు గురి చూశాను. వరస తిన్నగా ఉంది. ఎవరో నాలాంటివాడు ఎండలో నిలబడి బాగా వేశాడని సంతోషపడ్డాను.

లేచేసరికి మోపెడ్ నా సైకిలుకి అడ్డంగా ఉంది.

“ఏటి సూత్తన్నారు బాబూ?” అన్నాడతను. మర్యాదగానే అడిగాడు.

“ఏట్లేదు. సైకిలు మీద అలా ఊళ్లు తిరుగుతన్నాను.”

“తిరిగేవోలికి రాయితో పనేటి?”

బూటుకంటిన గడ్డి దులుపుకున్నాను. చెరకు తోటలోంచి అతని భార్య వచ్చింది. చేతిలో ఆకు దూసే కత్తి అలాగే ఉంది. ఏం ఉద్యోగం చేస్తారని అడిగింది. బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యానన్నాను. సర్వేయరన్న మాట వినగానే చేలల్లో ముఖాలు ఎలా మారతాయో ముప్పై ఏళ్లు చూశాను. ఇంకోసారి చూడలేక అబద్ధమాడాను.

అతను మోపెడ్ దిగలేదు. “సముద్రం వేపు, పూడిమడక దారిలో మా బామ్మర్దోల ఊరు. అక్కడికీ ఇలాగే ఒకాయన వచ్చేడు. మంచినీల్లడిగితే ఇచ్చేరు. రాయెక్కడుందంటే సూపించేరు. ఊరికే సూత్తన్నానన్నాడు. తరవాత బూములు తీసుకుంటామని నోటీసులొచ్చేయి. ఇప్పుడక్కడ ఏదో కంపెనీ గోడుంది. మా బామ్మర్ది ఆ గోడకాడే వాచ్‌మేను.”

“మాకున్నది ఈ ముక్కే బాబూ,” అంది ఆమె. “ఇది పోతే మాకింకేటీ లేదు.”

నేను వచ్చింది అందుకు కాదని రెండు మూడుసార్లు చెప్పాను. చెప్పినకొద్దీ నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఆమె అమ్మవారి రాయి పక్కన ఇటుకల గూట్లోంచి అగ్గిపెట్టె, కర్పూరం తీసింది. అనుమానం వస్తే ఆ ఊళ్లో అదే పద్ధతట. మాట చెప్పి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. అబద్ధమైతే అమ్మవారు చూసుకుంటుంది. అలాంటి ప్రమాణాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. చెయ్యి కాల్చుకుని మరీ అబద్ధమాడినవాళ్లని నేనెరుగుదును. అయినా కాదనలేకపోయాను.

ఆమె రాయి ముందు కర్పూరం వెలిగించింది. “ఈ బూమి కొలవడానికి రాలేదని సెప్పండి. మాస్టారునని కూడా సెప్పండి,” అంది.

మొదటిది చెప్పగలను. రెండోది నోట్లోంచి రాలేదు. హెల్మెట్ తీసేశాను. నేను మాస్టార్ని కాదని, సర్వేయరుగా చేసి రిటైరయ్యానని చెప్పాను. మీ బావమరిది ఊరు కొలిచినవాళ్లలో నేనూ ఉన్నానని కూడా చెప్పాను. అంత చెప్పాల్సిన అవసరం లేదు. కానీ ఆగలేకపోయాను. అక్కడ ఒకావిడ మాకిచ్చిన మజ్జిగ గురించి మాత్రం చెప్పలేదు.

అతను మోపెడ్ దిగి స్టాండు వేశాడు. కొడతాడేమోనని ఒకడుగు వెనక్కి వేశాను. కొట్టలేదు.

“కొలిసేటప్పుడు మీకు తెలుత్తాదా, పోతాదని?”

“తెలుస్తుంది.”

“ఆ ఊల్లో ఒక్కలికన్నా సెప్పేరా?”

చెప్పకూడదని మాకు ఆర్డరు. ముందే తెలిస్తే ఊళ్లల్లో గొడవలు వస్తాయని పైవాళ్లు చెప్పేవారు. ఇవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పాలనిపించలేదు. సిగ్గేసింది.

“చెప్పలేదు,” అన్నాను. ఆ మాట మీదే అరచెయ్యి బోర్లించి కర్పూరం ఆర్పాను. చెయ్యి మండింది. ఆమె నా చేతి వంక చూసి, తన సీసాలో నీళ్లు పోసింది.

అప్పుడతను, ఇంతసేపూ దాచుకున్నట్టు, నెమ్మదిగా అడిగాడు. “మరి మా బూమి సంగతి మీకేటన్నా తెలుసా బాబూ? తెలిత్తే ఇప్పుడన్నా సెప్పండి.”

నాకేమీ తెలియదు. నేను ఆ ఆఫీసు గడప తొక్కి నాలుగేళ్లయింది. అక్కడ ఏ కాగితాలు తయారవుతున్నాయో ఎవరూ నాకు చెప్పరు. నిజంగానే తెలియదని ఇద్దరి ముఖాల్లోకి చూసి చెప్పాను.

భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నమ్మలేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నమ్మను.