కళ్లజోడు చూసి మనిషిని పోల్చే అన్న

మొన్న పొద్దున పాలు పోయించుకుంటుంటే నేను అన్నా అని పిలిచే పక్కింటాయన పెద్దబ్బాయి వచ్చి, "అంకుల్, బాపు పోయిండు," అన్నాడు. ఈమధ్య ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. పరామర్శలకు తిరిగి తిరిగి అలిసిపోయాను. కానీ పాతబస్తీలోని ఈ మొఘల్‌పురాలో నాకంటూ ఉన్నది ఈయనొక్కడే.

గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడు నాకు ఇల్లు చూపించింది ఆయనే. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలన్న గొడవల రోజుల్లో మా వాకిట్లోకి వచ్చిన కుర్రాళ్లను, "మనోడే, పోండ్రి," అని పంపేసిందీ ఆయనే.

ఇద్దరిదీ ఒకే పత్రికాఫీసు. ఫొటోల గది ఆయనది. పాత గ్రూపు ఫొటోల్లో మొహాలు మసకబారితే కళ్లజోళ్లు చూసేవాడు. "గీ గుండ్రటి తీగజోడు మంత్రి గాకముందుది తమ్మీ. మంత్రయినంక నల్ల లావు ఫ్రేము తగిలిచ్చిండు," అనేవాడు. పెద్దవయసు నాయకులు పోయిన రోజున వేయడానికి వాళ్ల జీవిత విశేషాలు ముందే రాసి కవర్లలో పెట్టే పని కూడా ఆయనదే. మేమైతే పదవులు రాసుకొచ్చేవాళ్లం. ఆయన వాళ్ల ఇళ్లకే పోయి, వంటింటి గడప దగ్గర కూర్చుని, భార్యాబిడ్డల సంగతులు కనుక్కొచ్చేవాడు. "పదవులు ఎవలైనా చెప్తరు. ఇంట్ల ఎవలున్నరో అడుగుండ్రి," అనేది ఆయన మాట. ఇల్లిల్లూ తిరిగి టీలు తాగి కడుపులో మంట మాత్రం తెచ్చుకున్నాడు.

ఒక నాయకుడు చనిపోయిన రోజు, ఒకామె చిన్న కూతురితో ఆఫీసుకొచ్చింది. పిల్లకు తండ్రిని కడసారి చూపిద్దామని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారట. పత్రికలోనైనా కూతురని పిల్ల పేరు వేయమంది. తెచ్చిన ఫొటోలో చంటిపిల్లను ఎత్తుకున్న మనిషి మొహం సగం నీడలో ఉంది. ఆయనేనని ఏంటి నమ్మకం అన్నారు మావాళ్లు. అన్న దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లాడు. పైన మందపాటి పట్టీ, కింద సన్నని తీగ ఉన్న జోడు.

"గిది ఒక్క యేడాదే పెట్టిండు. ఆయనే. రెండో ఇల్లున్న సంగతి నాకు ఎర్కనే," అన్నాడు.

అయినా పత్రికలో ఆ పిల్ల పేరు రాలేదు. పెద్దభార్య ఇంటివాళ్లు పంపిన పేర్లే వేయమన్నారు పైవాళ్లు. అన్న ఫొటోకు నకలు తీయించి, అలవాటు ప్రకారం వెనక 'కూతురితో' అని రాసి, ఆ నాయకుడి కవర్లో పెట్టాడు. కొన్నేళ్లకు, ఒక వర్ధంతికి, ఈ కథేమీ తెలియని సబ్‌ఎడిటర్ ఆ ఫొటో తీసి, వెనకున్నది ఉన్నట్టే కింద వేసేశాడు.

తెల్లారేసరికి లొల్లి. ఎవరు రాశారని అడిగారు.

"నేనే రాసిన. అబద్ధమైతే చెప్పుండ్రి."

అబద్ధమని ఎవరూ అనలేదు. ఆయన్ను మాత్రం ప్రూఫులు దిద్దడానికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు. సాయంత్రం బస్సులో, "కండ్లు గుంజుతున్నయ్ తమ్మీ," అని కళ్లు మూసుకునేవాడు.

మొన్న అన్నను హాల్లో పడుకోబెట్టినప్పుడు ఒక అమ్మాయి వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయింది. ఎవరమ్మా అని అడిగితే, ఆ నాయకుడి పేరు చెప్పి, "ఆయన బిడ్డను," అంది మెల్లగా. అన్న తల దగ్గర కూర్చుని ఏడుస్తున్న మా వదిన తలెత్తి చూసింది.

"గక్కడ నిలబడ్డవేంది బిడ్డా? ఇంట్లోళ్లు ఇటు కూసోవాలె."

కోడళ్లు జరిగి చాప మీద చోటిచ్చారు. ఆ పిల్ల చెప్పులు విడిచి లోపలికొచ్చి, వాళ్ల మధ్య కూర్చుని, అన్న పాదాల మీద చేయి వేసింది.