ఫ్రేములోంచి తీసేసిన మందార చెట్టు

ఆరేళ్ళుగా ఒక ఫోటోని మోస్తున్నాను. ఫోటోకి బరువుండదని నాకు తెలుసు. కొలత పరికరాలు సరిచూడడం నా ఉద్యోగం. ఏది ఎంత తూగుతుందో తప్పు లేకుండా చెప్పడానికే నాకు జీతమిస్తారు. అయినా ఫోన్ మార్చిన ప్రతిసారీ, పాతదానిలోంచి కొత్తదానిలోకి అన్నీ ఎక్కించుకునేటప్పుడు, ఆ ఒక్కదాని దగ్గర చెయ్యి ఆగిపోతుంది. చెరిపెయ్యలేను. తెరిచి చూడలేను. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

మాది రాజమండ్రి. అప్పట్లో సెలవు దొరికితే చాలు, మా ఇంటికి దగ్గర్లోని పార్కులో కొలను గట్టు మీద బోర్లా పడుకుని కలువల్ని ఫోటోలు తీసేవాణ్ణి. కెమెరా నీటి మట్టానికి దించాలి. లెన్సు ముందు ఫిల్టరు తిప్పితే నీళ్ళ మీద మెరుపు పోయి, అడుగున కాడలు కనిపిస్తాయి. వెనక పంపు గొట్టం రాకూడదు, చెత్తబుట్ట రాకూడదు, నడిచేవాళ్ళ కాళ్ళు రాకూడదు. అక్కర్లేనివన్నీ తీసెయ్యడమే ఫోటోగ్రఫీ అనుకునేవాణ్ణి. అందులో నాకు మంచి పేరు కూడా ఉండేది.

ఆ ఏడాది పార్కులో నడిచేవాళ్ళ సంఘం తరఫున కార్యదర్శిగారు కడియం నర్సరీ నుంచి ఊదా రంగు కలువ దుంప ఒకటి తెచ్చి నాటించారు. మా కొలనులో అంతవరకూ తెల్లవీ ఎర్రవీ తప్ప మరో రంగు లేదు. మొదటి మొగ్గ నీటి పైకి లేచింది. రేపు విచ్చుకుంటుందని అందరికీ తెలిసిపోయింది. రవి అని నాకో స్నేహితుడు, నాకంటే మంచి కెమెరా ఉన్నవాడు, ఇద్దరం కలిసి తీద్దామన్నాడు. సరేనన్నాను. తొమ్మిది దాటితేగాని విచ్చుకోదని కూడా చెప్పాను. అది అబద్ధం. ఎండ తగలగానే విచ్చుకుంటుందని నాకు తెలుసు.

మర్నాడు రవి కంటే ముందుగా వెళ్ళాను. ఫోటో తీసుకున్నాను. ఆ తరవాత కాడ పట్టుకుని లాగాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకున్నన్నిసార్లు ఇంకెవరూ వెయ్యలేరు. పువ్వుల ఫోటోలు తీసేవాళ్ళలో కొందరికి ఈ రోగం ఉంది. తాము తీశాక ఆ పువ్వు ఇంకొకరికి దొరకకూడదు. అలాంటివాళ్ళ గురించి విన్నప్పుడు అసహ్యించుకున్నవాణ్ణే. ఆ క్షణంలో కోపం లేదు, కంగారు లేదు. అవతలి బెంచీల దగ్గర లాఫింగ్ క్లబ్బు వాళ్ళు చేతులు పైకెత్తి హహహ అని గట్టిగా నవ్వుతున్నారు. నేను లెన్సు తుడిచే గుడ్డలో పువ్వుని చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను.

రవి వచ్చేసరికి కొలను చుట్టూ జనం.

"ఊరంతా చూడాల్సిన పువ్వండి," అంటున్నారు కార్యదర్శిగారు. "ఎవరో ఇంట్లో దేవుడికి పెట్టేసి పుణ్యం మొత్తం ఒక్కరే కొట్టేశారు."

"ఇంకెవరండీ, పువ్వుల పిన్నిగారే," అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

పువ్వుల పిన్నిగారంటే రోజూ చేతికర్రా నల్ల కవరూ పట్టుకుని నడకకి వచ్చే పెద్దావిడ. కర్ర చివర వంకీతో కొమ్మ వంచి, పూజకి పార్కులో పూలు కోసుకునేవారు. అలా కోసేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాకపోతే ఆవిడ దాచుకుని కోసేవారు కాదు. "పిన్నిగారండీ, మా కళ్ళకి కూడా రెండు మిగల్చండి" అని వేళాకోళం చేస్తే, "మీ కళ్ళు దేవుడికేం పనికొస్తాయి నాయనా" అని నవ్వుకుంటూ పోయేవారు. ఆ రోజు ఆవిడ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయారు. భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఆ ఉదయపు నడకే ఆవిడ బయటికొచ్చే సమయం.

అప్పుడు రవి నావైపు తిరిగి, "నువ్వు ముందే వచ్చినట్టున్నావుగా, నీకేం కనపడలేదా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. నాకు బ్యాగు బరువెక్కింది.

అంతకు వారం ముందు ఆవిడని ఫోన్లో ఒక ఫోటో తీశాను. వెలుతురు బాగుందని తీశాను, అంతే. పువ్వు తెంపిన రోజు ఇంటికి వెళ్ళి దాన్ని తెరిచాను. ఎడమ వైపు సగం కత్తిరించాను. మిగిలిన దానిలో ఆవిడ, భుజానికి తగిలించుకున్న నల్ల కవరు, పక్కన కొలను గట్టు. చూస్తే కొలను దగ్గర్నుంచి పువ్వు పట్టుకుపోతున్నట్టే ఉంటుంది. అది కార్యదర్శిగారికి పంపాను. ఒక్క అక్షరం రాయలేదు. ఎప్పుడు తీసిందని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఆయన, మాటలన్నది మిగతావాళ్ళు. నేను అబద్ధం ఆడలేదు. ఇలా ఎన్నిసార్లు నాకు నేను లెక్క ఒప్పచెప్పుకున్నానో. లెక్క ఎప్పుడూ సరిపోయేది. సరిపోయినందుకే నా మీద నాకు రోత.

పిన్నిగారు పార్కుకి రావడం మానేశారు. ఫోటో గ్రూపులో పడిన మర్నాడు వచ్చారట, ఎవరూ పలకరించలేదట.

ఇంకొకటి చెప్పాలి. ఆ కలువ ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఫోకస్ పువ్వు మీద లేదు, వెనక ఆకు అంచు మీద ఉంది. దేనికీ పనికిరాదు. గుడ్డలో పువ్వు మధ్యాహ్నానికే ముడుచుకుపోయింది. ఇంటి వెనక డ్రైనులో పడేశాను. పిన్నిగారి ఫోటోలో మాత్రం ఫోకస్ ఎక్కడా తప్పలేదు.

కొన్ని నెలల తరవాత మార్కెట్లో ఆవిడ ఎదురయ్యారు. చేతిలో కొనుక్కున్న పూల పొట్లం.

"గట్టు మీద పడుకుని ఫోటోలు తీసే అబ్బాయివి కదూ?"

"అవునండి."

"మా ఆయనకి చెబుతుండేదాన్ని, ఒకబ్బాయి కప్పలాగా బోర్లా పడుకుంటాడని. మాట రాదు గానీ నవ్వేవారు." పూల పొట్లం చెయ్యి మార్చుకుని అడిగారు. "కెమెరావాళ్ళందరూ నీకు తెలుసు కదా బాబూ. నన్ను ఫోటో తీసిందెవరో తెలుసా?"

"తెలీదండి."

"తిట్టడానికి కాదులే. మొత్తం ఫోటో ఉంటే ఇమ్మందామని. పక్కన నేను పూలు కోస్తున్న చెట్టుండాలి కదా, అది పడలేదు. అది ఒక్కటి చూపిస్తే మళ్ళీ పార్కుకి రావచ్చు కదా అని. కనుక్కుంటావా?"

"కనుక్కుంటానండి," అన్నాను.

మొత్తం ఫోటో అప్పుడు నా జేబులోనే ఉంది, ఫోన్లో. చెయ్యి పెట్టి తీస్తే సరిపోయేది. తియ్యలేదు. పువ్వు తెంపడం కంటే, సగం కత్తిరించడం కంటే నన్ను ఎక్కువ కాల్చేది ఆ "కనుక్కుంటానండి". ఎంత మర్యాదగా అన్నానో. ఆవిడ "సంతోషం బాబూ" అని కూడా అన్నారు.

తరవాత భర్త పోయారనీ, ఇల్లు ఖాళీ చేసి పిఠాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారనీ విన్నాను. వెతికితే దొరకనంత దూరమేం కాదు. వెళ్ళలేదు. వెళతానని మీకు మాటివ్వను; నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. పార్కులో ఇప్పటికీ కొత్తవాళ్ళకి ఆ కథ చెబుతుంటారు, నవ్వుతూనే.

ఈ రోజు ఆ ఫోటో తెరిచాను. నేను తీసేసిన సగంలో ఏముందో చెబుతాను. ఎర్ర మందార చెట్టు, నిండా పూలు. కర్ర వంకీకి చిక్కి కిందికి వంగిన కొమ్మ. ఆ కొమ్మవైపు చాచిన ఆవిడ రెండో చెయ్యి. ఆవిడ వీపు పూర్తిగా కొలను వైపుకే ఉంది. కలువలవైపు చూడనైనా చూడడం లేదు.

ఆ పువ్వు తెంపింది ఆవిడ కాదు. నేను.