న్యూరెంబర్గ్ కోట చూసిన వియ్యంకులు

మా అమ్మాయి పెళ్ళి చేసుకుంటానన్న బ్రిటన్‌లోని వెల్ష్ అబ్బాయి ఇంటికి, కార్డిఫ్‌కి బయల్దేరాను. ఈ సంబంధం నాకిష్టం లేదని వాళ్ళకు తెలియాలనే చేతులూపుకుంటూ రైలెక్కాను.

పక్క సీటులోని జర్మన్ పెద్దావిడ ఫోన్‌లో తమ ఊరు న్యూరెంబర్గ్‌లోని కోట చూపించింది. వందల ఏళ్ళనాటి ఆ కోట రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలితే మళ్ళీ కట్టుకున్నారట.

"బాంబులు ఎవరు వేశారు ఆంటీ?" అన్నాను.

ఆవిడ ఎదుటి సీటులో కునికిపాట్లు పడుతున్న తన బ్రిటిష్ భర్తను చూపించింది. "ఈయన నాన్నగారు కూడా ఆ విమానాల్లో వచ్చినవారే. మా పెళ్ళికొచ్చి, ముందు కోట చూస్తానన్నారు. మా నాన్నే దగ్గరుండి తిప్పి చూపించారు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి భోజనాలు చల్లారిపోయాయి."

కార్డిఫ్‌లో దిగగానే పూలు, పళ్ళు కొన్నాను. తమలపాకులు దొరికితే తాంబూలమే పట్టుకెళ్ళేవాణ్ణి.